గండం గడిచినవాళ్ళు

ఉద్యోగం ఊడబోయి నిలిచినా, లారీ చక్రాల కిందికి వెళ్ళబోయి తప్పించుకున్నా ‘గండం గడిచి పిండం బయటపడింది’ అంటాం. అసలు అది పురిటింటి మాట. గుమ్మం బయట కూర్చుని, లోపలి నుంచి ఏ కబురు వస్తుందోనని చెవులు రిక్కించినవాళ్ళ మాట. ‘కాన్పంటే ఆడదానికి పునర్జన్మ’ అన్నదీ అక్కడిదే. ఈ మాటలు పుట్టించినవాళ్ళు గణాంకాలు చూడలేదు, చూడాల్సిన పనీ పడలేదు. తల్లి లేని పిల్లలు ప్రతి వీధిలోనూ ఉండేవారు. మన జానపద కథల నిండా సవతి తల్లులు ఉండటానికి కారణం కూడా అదేనేమో.

ప్రసూతి మరణాల మీద పరిశోధన చేసేవాళ్ళు గత ముప్పై ఏళ్ళుగా ఈ సామెతలోని ‘గండం గడవడం’ అనే భాగాన్నే పనిముట్టుగా చేసుకున్నారు. చనిపోయిన తల్లులతో పాటు, చావు అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళనూ లెక్కపెడుతున్నారు. 1991లో బ్రిటన్‌లో విలియం స్టోన్స్ బృందం ఇందుకోసం విమానయానం నుంచి ‘నియర్ మిస్’ అనే పేరు అరువు తెచ్చుకుంది. ఆకాశంలో రెండు విమానాలు ఢీకొనబోయి వెంట్రుకవాసిలో తప్పుకుంటే వాడే మాట అది. తెలుగులో మనం కొత్తగా మాట వెతుక్కోనక్కర్లేదు. గండం గడిచినవాళ్ళు అంటే చాలు.

ఈ లెక్క ఎందుకు అవసరమైందో నర్సీపట్నంలో నిలబడి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

కొండకూ మైదానానికీ మధ్య గుమ్మంలాంటి ఊరు నర్సీపట్నం. తూర్పున అనకాపల్లి, ఆ పైన విశాఖ. దక్షిణాన తుని. పడమర, వాయవ్య దిక్కుల్లో గోడ కట్టినట్టు తూర్పు కనుమలు. చింతపల్లి, గూడెంకొత్తవీధి, కొయ్యూరు మండలాల నుంచి దిగే దారులు ఇక్కడికి చేరతాయి. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగి మంచు చూడటానికి కార్లు బారులు తీరి ఘాట్ ఎక్కుతుంటాయి. ఏజెన్సీ నుంచి గర్భిణిని తెచ్చే 108 బండి దిగవలసిందీ ఆ ఘాట్‌లోనే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, పై మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. గర్భిణి సొంతూరు ఒక జిల్లా, కాన్పుకు వచ్చేది మరో జిల్లా. ఇక్కడ కుదరదని విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) పంపిస్తే మూడో జిల్లా.

పై మండలాల్లో బండి వెళ్ళే రోడ్డు లేని గూడేలు ఇంకా ఉన్నాయి. అక్కడ మొదటి వాహనం డోలీ. ఒక గట్టి కర్ర, దానికి ఉయ్యాలలా కట్టిన దుప్పటి, రెండు చివరలా ఇద్దరు మనుషులు, భుజం మార్చుకోవడానికి మరికొందరు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసినప్పుడు మన్యం మండిపోవడానికి ఒక కారణం, ఘాట్ రోడ్ల పనుల్లో గిరిజనులతో చేయించిన వెట్టిచాకిరీ. ఆనాడు రాళ్ళు మోసినవాళ్ళ మునిమనవరాళ్ళను ఇవాళ రోడ్డు దాకా డోలీలో మోసుకురావాల్సి వస్తోంది. చరిత్రకు వెటకారం ఎక్కువ.

కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డెబొరా మెయిన్ ఒకప్పుడు ఒక చిన్న పట్టిక తయారుచేశారు. చికిత్స అందకపోతే, ప్రమాదం మొదలైనప్పటి నుంచి ప్రాణం పోయేదాకా సగటున ఎంత వ్యవధి ఉంటుందన్నది అందులోని విషయం. కాన్పుకు ముందే రక్తస్రావం మొదలైతే 12 గంటలు. గర్భసంచి చిట్లితే ఒక రోజు. గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ వస్తే, రెండు రోజులు. బిడ్డ అడ్డం తిరిగి కాన్పు కాకపోతే మూడు రోజులు. పురిటి జ్వరానికి ఆరు రోజులు. కాన్పు తరువాత రక్తం ఆగకపోతే మాత్రం రెండు గంటలు.

ఈ రెండు గంటలను కొండ మీద పెట్టి చూద్దాం. ఇది ఎవరి కథా కాదు, ఊహించి వేసిన లెక్క. ఘాట్ పైన ఒక గూడెంలో రాత్రి ఎనిమిదిన్నరకు బిడ్డ పుట్టింది. మాయ సగం ఊడింది, సగం ఊడలేదు. రక్తం పోతోంది. కాన్పన్నాక రక్తం పోవడం మామూలే కదా అని ఓ అరగంట చూశారు. తొమ్మిదింటికి అత్తకు అనుమానం వచ్చింది. భర్త పక్క ఊరి సంతకు వెళ్ళి ఇంకా రాలేదు. మోసేవాళ్ళను పోగుచేసి, ఫోన్ సిగ్నల్ దొరికే గట్టు మీదికెక్కి 108కి చెప్పి బయలుదేరేసరికి పది. చీకట్లో రాళ్ళ దారి దిగి రోడ్డుకు చేరేసరికి పదకొండున్నర. వర్షాకాలమైతే మధ్యలో వాగు ఒకటి. ఘాట్ దిగి నర్సీపట్నం చేరేసరికి ఒంటిగంట. రక్తం గ్రూపు చూసి, సరిపోయే రక్తం తెచ్చి సూది గుచ్చేసరికి రెండు. మెయిన్ పట్టిక ప్రకారం ఆమెకున్న గడువు పదిన్నరకే అయిపోయింది.

1994లో సెరీన్ తాడియస్, మెయిన్ కలిసి రాసిన వ్యాసం ఈ ఆలస్యాన్ని మూడు ముక్కలుగా విడదీసింది. ఆసుపత్రికి వెళ్ళాలని తేల్చుకోవడంలో జాప్యం, చేరడంలో జాప్యం, చేరాక వైద్యం అందడంలో జాప్యం. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ తిప్పి తిప్పి వాడేది ఈ చట్రమే. మనవాళ్ళు ఎక్కువగా మొదటి ముక్కను పట్టుకుని ‘గిరిజనులకు అవగాహన లేదు’ అని తేల్చేస్తారు. కానీ మూడు ముక్కలూ ఒకదానిలోంచి ఒకటి పుడతాయి. పోయినసారి కష్టపడి కిందికి తీసుకెళ్తే అక్కడ మత్తు డాక్టరు లేరనో రక్తం లేదనో ఇంకో ఊరికి పంపించారనుకోండి. ఈసారి బయలుదేరడానికి ఆ ఇంట్లో కాళ్ళు ఆడవు. దాన్ని అవగాహనా లోపం అనడం న్యాయం కాదు. వాళ్ళు అనుభవం నుంచి నేర్చుకున్నారంతే.

దూరాన్ని తగ్గించలేనప్పుడు ముందే కిందికి తెచ్చి పెట్టుకోవడం ఒక ఉపాయం. క్యూబా 1962 నుంచి కొండప్రాంతాల గర్భిణుల కోసం ఆసుపత్రుల పక్కన వసతి గృహాలు నడిపింది. మన దగ్గర సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం ఐటీడీఏ అలాంటిదే తెరిచింది. నెలలు నిండకముందే వచ్చి, తిని, పడుకుని, పరీక్షలు చేయించుకుని, నొప్పులొస్తే పక్కనే ఉన్న ఆసుపత్రికి వెళ్ళొచ్చు. ఆలోచన మంచిదే. అయితే పెద్దపిల్లను, మేకలను, కోతకొచ్చిన పొలాన్ని వదిలి రెండు మూడు వారాలు ఎవరు వస్తారు? తోడు వచ్చే అమ్మకో అత్తకో కూలి డబ్బులు ఎవరిస్తారు? ఎన్ని మంచాలు వేశారన్నదానికన్నా ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పారన్నదాన్ని బట్టే అలాంటి ఇళ్ళు నిండుతాయి.

ఇక అంకెలు. 1984-85లో జె.సి. భాటియా అనంతపురం జిల్లాలో ఊరూరా తిరిగి ప్రసూతి మరణాలను లెక్కించారు. లక్ష సజీవ జననాలకు దాదాపు 800 మంది తల్లులు చనిపోతున్నట్టు తేలింది. అంటే ప్రతి 125 కాన్పులకు ఒక చావు. మారుతల్లి కథల కాలం ఎంతో దూరంలో లేదు. ఇవాళ నలభై దాటినవాళ్ళు పుట్టిన కాలమే అది. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004-06లో 154 దగ్గర ఉంది. విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2014-16లో 74కి, 2018-20లో 45కి దిగింది. అదే 2018-20లో తెలంగాణ 43, దేశం 97, కేరళ 19, అస్సాం 195. ఐక్యరాజ్యసమితి 2030 నాటికి ప్రపంచమంతా చేరుకోవాలన్న గీత 70. ఆ గీతను మనం ఎప్పుడో దాటేశాం. 2023లో ప్రపంచ సగటు 197. ఆ ఏడాది దాదాపు 2,60,000 మంది, అంటే రోజుకు 700 మందికి పైగా తల్లులు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

రాష్ట్రం సాధించింది చిన్న విషయం కాదు. ఆసుపత్రి కాన్పులు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 96.5 శాతానికి చేరాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సులు లేకపోతే ఈ తగ్గుదల ఇంత వేగంగా వచ్చేది కాదు. కానీ 45 అన్నది సగటు. అది నమూనాగా తీసుకున్న ఊళ్ళు, వార్డుల నుంచి, మూడేళ్ళ వివరాలు కలిపితే వచ్చిన అంకె. దాన్ని జిల్లాలకు, మండలాలకు పంచి చెప్పడం కుదరదు. గాజువాకనూ గూడెంకొత్తవీధినీ ఒకే చాపలో చుట్టేసిన అంకె అది.

పోనీ మండలం లెక్క విడిగా తీద్దామంటే అంకగణితం అడ్డొస్తుంది. గిరిజన ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద ఇరవై వేల జనాభా ఉండాలన్నది ప్రమాణం. వెయ్యి మందికి ఏటా 17 కాన్పులు అనుకుంటే 340 కాన్పులు. రాష్ట్ర సగటు ప్రకారం అక్కడ ఆరేడేళ్ళకు ఒక ప్రసూతి మరణం రావాలి. పరిస్థితి సగటుకు నాలుగింతలు ఘోరంగా ఉందనుకున్నా, ఏడాదిన్నరకు ఒకటి. కాబట్టి ఒక ఏడాది ఏ చావూ లేకపోతే డాక్టరు బాగా పనిచేసినట్టా, అదృష్టం కలిసొచ్చినట్టా? వరసగా రెండు చావులు వస్తే నిర్లక్ష్యమా, కాకతాళీయమా? చెప్పలేం. ఇంత చిన్న అంకెలతో ఏ సంఖ్యాశాస్త్రవేత్తా చెప్పలేడు. మరణాలు తగ్గేకొద్దీ వాటి నుంచి నేర్చుకునే అవకాశమూ తగ్గుతుంది. ఇక్కడే గండం గడిచినవాళ్ళ అవసరం వస్తుంది.

2010-11లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా 29 దేశాల్లోని ఆసుపత్రుల్లో మూడు లక్షలకు పైగా కాన్పులను పరిశీలించింది. అందులో 486 మంది తల్లులు చనిపోయారు. 2,538 మంది చనిపోబోయి బతికారు. ఒక్క చావుకు ఐదుగురు. పైగా ఆ ఐదుగురూ మాట్లాడగలరు. రక్తం ఎప్పుడు మొదలైంది, ఎవరు ఏమన్నారు, బండి ఎంతసేపటికి వచ్చింది, ఏ గదిలో ఎంతసేపు కూర్చోబెట్టారు, అంతా వాళ్ళకు గుర్తుంటుంది. చనిపోయిన మనిషి గురించి అడిగితే ఇంటివాళ్ళ దుఃఖమూ, ఆసుపత్రివాళ్ళ భయమూ జవాబులకు అడ్డం పడతాయి. బతికిన మనిషి దగ్గర ఆ బరువు కొంత తక్కువ. అదే సర్వే ఇంకొకటి కూడా తేల్చింది. రక్తస్రావానికి ఆక్సిటోసిన్, ఫిట్స్‌కు మెగ్నీషియం వంటి తప్పనిసరి మందులు దాదాపు అందరికీ ఇస్తున్న చోట కూడా చావులు తగ్గిపోలేదు. మందు ఇచ్చారా అన్నదొక్కటే చాలదు. ఎంత త్వరగా ఇచ్చారు, అది పనిచేయకపోతే తరువాతి మెట్టు అక్కడ ఉందా అన్నవీ తేల్చాలి.

గండం గడిచిందని ఎప్పుడు అంటారు? దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలు పెట్టింది. 12 గంటలకు మించి స్పృహ లేకపోవడం, వెంటిలేటర్ పెట్టాల్సి రావడం, డయాలసిస్, రక్తస్రావం వల్లో చీము వల్లో గర్భసంచి తీసేయడం, ఐదు యూనిట్లు లేదా అంతకు పైగా రక్తం ఎక్కించడం, ఇలా. ఈ చివరిదాంట్లో ఒక చిక్కుంది. టాంజానియాలో హేడమ్ అనే మారుమూల ఆసుపత్రి పరిశోధకులు 2013లో దాన్ని ఎత్తిచూపారు. ఐదు యూనిట్ల రక్తమే లేని చోట ఐదు యూనిట్లు ఎలా ఎక్కిస్తారు? అక్కడ మనిషి రెండు యూనిట్లతో బతికితే లెక్కలోకి రాదు, చనిపోతే మాత్రం వస్తుంది. పెద్దాసుపత్రి కోసం చేసిన తూకంతో చిన్నాసుపత్రిని తూస్తే, చిన్నాసుపత్రి ప్రాణాలు నిలిపిన సందర్భాలు కనపడకుండా పోతాయి. భారత ప్రభుత్వం 2014 డిసెంబరులో ఈ సమీక్షకు తనవైన మార్గదర్శకాలు విడుదల చేసింది. అక్కడ కూడా మొదటి చూపు వైద్య కళాశాలల ఆసుపత్రుల మీదే. నర్సీపట్నంలాంటి గుమ్మం ఊళ్ళకు సరిపడే కొలబద్ద చాలా అవసరమని నా అభిప్రాయం.

రక్తస్రావం దగ్గరికి మళ్ళీ వెళ్దాం. తల్లుల చావుల్లో ప్రపంచమంతటా దాని వాటా నాలుగింట ఒక వంతుకు పైమాటే. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంది. మాయ ఊడగానే ఆ నాళాల నోళ్ళన్నీ తెరుచుకుంటాయి. అయినా చాలామంది ఎలా బతుకుతున్నారు? గర్భసంచి గోడలో కండరపు పోగులు బుట్ట అల్లినట్టు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. రక్తనాళాలు వాటి సందుల్లోంచి పోతాయి. బిడ్డ బయటపడి సంచి ముడుచుకున్నప్పుడు ఆ పోగులే ఉచ్చులా బిగిసి నాళాలను నొక్కేస్తాయి. కాన్పయ్యాక నర్సు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూసేది అదే, సంచి కొబ్బరికాయలా గట్టిపడిందా, పిండిముద్దలా మెత్తగా ఉందా అని. మెత్తగా ఉంటే ఉచ్చు బిగియలేదన్నమాట. ఆక్సిటోసిన్ సూది చేసే పని దాన్ని బిగించడం. అయితే ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు పోయే చోట ఫ్రిజ్‌లోని సూదిని ఎంతవరకు నమ్మొచ్చో ఎవరూ చెప్పలేరు. వేడికి పాడవని కార్బెటోసిన్ అనే మందు రక్తస్రావాన్ని నివారించడంలో ఆక్సిటోసిన్‌కు తీసిపోదని, 10 దేశాల్లో దాదాపు ముప్పై వేలమంది మీద చేసిన పరీక్ష 2018లో తేల్చింది.

అసలు రక్తం ఎంత పోయిందో తెలిస్తే కదా మందు! ఇది వినడానికి తేలిక, తేల్చడం కష్టం. పాతగుడ్డల్లో కొంత, నేల మీద కొంత, ఉమ్మనీటితో కలిసి కొంత. బెళగావిలోని జవాహర్‌లాల్ నెహ్రూ వైద్య కళాశాల వాళ్ళు ఊళ్ళలో ఏఎన్‌ఎంలు చేసే కాన్పుల మీద పరిశోధన చేస్తూ దీనికి ఒక ప్లాస్టిక్ సంచిని వాడారు. తల్లి కింద పరిచి, గరాటులా కిందికి వేలాడదీసి, పక్కన గీతలు గీసిన సంచి. కంటితో వేసిన అంచనా ఈ సంచి కొలతకంటే మూడో వంతు తక్కువగా ఉంటోందని తేలింది. అనుభవం ఉన్నవాళ్ళు కూడా అలాగే పొరబడ్డారు. మన పక్క రాష్ట్రంలో వాడి చూసిన ఈ చవక సంచి లాంటిదే 2023లో ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో, 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా కాన్పుల మీద జరిగిన పరీక్షలో నెగ్గింది. సంచిలో గీత దాటగానే మర్దన, సూది, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష, అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. కొత్త మందేమీ లేదు. ఒక సంచి, ఒక వరస మాత్రమే.

ఆ వరసలోని ట్రానెక్సామిక్ యాసిడ్ వెనక ఉటాకో ఒకమోటో అనే జపాన్ శాస్త్రవేత్త ఉంది. పసిబిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసిన మనిషి. 1960ల మొదట్లో భర్తతో కలిసి ఈ మందు కనిపెట్టినప్పుడే, ఇది బాలింతల రక్తస్రావానికి వాడి చూడమని డాక్టర్లను అడిగింది. వాళ్ళు వినిపించుకోలేదు. అర్ధ శతాబ్దం తరువాత 21 దేశాల్లో ఇరవై వేలమంది తల్లుల మీద పరీక్షిస్తే, మూడు గంటల లోపు ఇచ్చినప్పుడు రక్తస్రావపు చావులు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఫలితం 2017లో వెలువడింది. ఆమె 2016లో 98వ ఏట కన్నుమూసింది.

ఒకే పరిమాణంలో రక్తం పోయినా అందరికీ నష్టం ఒకేలా ఉండదు. నలభై కిలోల బరువున్న మనిషి ఒంట్లో నెలలు నిండేనాటికి రక్తం నాలుగు లీటర్లకు అటూ ఇటూ. అందులోంచి లీటరు పోతే నాలుగో వంతు పోయినట్టు. ఇక హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లికి మిగిలిన రక్తం ఎలాగో గుండెను, మెదడును నిలబెడుతుంది. ఆరో ఏడో ఉన్న తల్లికి ఆ నిల్వ లేదు. అస్సాం ప్రభుత్వ వైద్య కళాశాలల కాన్పుల రికార్డుల మీద మనీషా నాయర్ బృందం 2016లో వెలువరించిన పరిశోధన, తీవ్ర రక్తహీనత ఉన్నవాళ్ళకు అసలు రక్తస్రావం అయ్యే అవకాశమే ఎక్కువని చూపింది. ఆక్సిజన్ అందని కండరం సరిగా ముడుచుకోదు. ఉచ్చు బిగియదు. రక్తం తక్కువున్నవాళ్ళకే రక్తం ఎక్కువ పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు. ఏజెన్సీలో మలేరియా, సికిల్ సెల్ దీనికి తోడు. సికిల్ సెల్ ఉన్న మనిషికి ఇనుము మాత్ర ఒక్కటే మందు కాదు. ఆ తేడా పట్టుకోకుండా ‘మాత్రలు వేసుకోవడం లేదు’ అని కసిరే నర్సులూ ఉన్నారు.

ఆ ఎర్ర మాత్రలో మాత్రం తెలుగువాళ్ళు గర్వపడాల్సిన ముక్క ఒకటుంది. 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరు బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల పాలిపోయిన ముఖాల వెనక కారణం వెతికింది. ఈస్టు సారంలో ఏదో పదార్థం వాళ్ళను నిలబెడుతోందని గుర్తించింది. ఆ పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తరువాత తేలింది. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. గర్భం సంచిలో కాక నాళంలో నిలిచినప్పుడు, తొందరగా పట్టుకుంటే, కొందరికి ఆపరేషన్ లేకుండా దానితోనే నయమవుతుంది. క్యాన్సర్ మందుల చరిత్రలో ఆయన్ని తలుచుకుంటాం గానీ, ఆశా కార్యకర్త చేతిలోని మాత్రల అట్ట చూసి ఎవరికీ ఆయన గుర్తు రాడు.

గుర్రపువాతం గురించి క్లుప్తంగా. అది మూర్ఛరోగం కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. గర్భం తొలి నెలల్లో మాయలోని కణాలు తల్లి రక్తనాళాల్లోకి చొచ్చుకెళ్ళి వాటిని వెడల్పు చేయాలి. ఇరుకు బోదెను పంటకాలువగా మార్చినట్టు. అది సరిగా జరగకపోతే మాయకు రక్తం చాలదు. అప్పుడు అది తల్లి నెత్తురులోకి కొన్ని ప్రొటీన్లు వదులుతుంది. వాటివల్ల ఆమె ఒళ్ళంతా రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆ ప్రొటీన్లలో ముఖ్యమైనదాన్ని 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం గుర్తించింది. బీపీ 140/90 దాటడం, మూత్రంలో ప్రొటీన్ కనపడటం, తలపోటు, కళ్ళు మసకబారడం దీని ఆనవాళ్ళు. మందు మెగ్నీషియం సల్ఫేట్, భేది ఉప్పు అని పాతవాళ్ళు వాడినదే. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద జరిగిన పరీక్షలో ఇది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. మొదటి మోతాదు కొండ మీద ఇచ్చి కిందికి పంపడానికీ, ఇవ్వకుండా పంపడానికీ మధ్య ఎంత తేడా ఉందో ఆ ఘాట్ మలుపులు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

కిందికి దిగితే గండాలు ఉండవని కాదు, వేరే రకం గండాలు ఉంటాయి. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం సిజేరియన్లు. మొదటి కోత చాలావరకు సాఫీగానే గడుస్తుంది. బిల్లు తరువాతి కాన్పులకు వస్తుంది. మాయ గర్భసంచి అడుగున, పాత కోత మచ్చ మీద అతుక్కుంటే, అది గోడలోకి వేళ్ళు దిగి ఊడిరాకపోవచ్చు. అమెరికాలో 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మాయ అలా కిందకు దిగి ఉన్నవాళ్ళలో ఒక సిజేరియన్ అయినవారికి 11 శాతం, రెండు అయినవారికి 40 శాతం ఈ ప్రమాదం కనిపించింది. గర్భసంచి తీసేయడం, డజను యూనిట్ల రక్తం, ఐసీయూ ఇలాంటి కేసుల్లో మామూలే. ఒకే ఆసుపత్రి వార్డులో పక్కపక్క మంచాల మీద, సిజేరియన్ సమయానికి అందక గండం పడిన కొండ మనిషీ, అక్కర్లేని సిజేరియన్ వల్ల గండం పడిన పట్నం మనిషీ ఉండొచ్చు. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్ళకు ఈ రెండో మంచం కథ ఎవరూ చెప్పరు.

ఇలాంటి కథలు చెప్పించుకోవడం ఒక కళ. ఇంగ్లండ్, వేల్స్‌లో 1952 నుంచి ప్రతి ప్రసూతి మరణాన్నీ పేర్లు చెరిపేసి, నిపుణులు రహస్యంగా చదివి, నివేదిక రాసే పద్ధతి ఉంది. కేరళ 2004లో అది అందుకుంది. దేశమంతటా 2010 నుంచి మరణ సమీక్షలున్నాయి. కలెక్టరు ముందు కుటుంబాన్ని కూడా పిలిచి వినాలి, ఎవరినీ నిందించకూడదు అని కాగితం మీద ఉంది. ఆచరణలో మీటింగ్ అనగానే కింది స్థాయి ఉద్యోగికి వినపడేది మెమో, సస్పెన్షన్. దాంతో కేసు షీటులో టైములు సర్దుకుంటాయి. ఇంకో జబ్బూ పుడుతుంది. ‘మా దగ్గర కాకూడదు’ అన్న భయంతో కాస్త బరువైన ప్రతి కేసునీ పై ఆసుపత్రికి రాసేయడం. చావు బండిలో జరిగితే ఎవరి ఖాతాలోనూ పడదు. గండం గడిచిన కేసు మీద సమీక్ష పెడితే ఈ భయం సగం తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ చివరికి ఎవరో ఒకరు సరైన పని చేశారు. ఏ నర్సు ముందుగా గుర్తుపట్టింది, ఏ డ్రైవరు ఎక్కడా ఆగకుండా తెచ్చాడు అని అడగొచ్చు. పనిచేసిన దారి ఏదో తెలుస్తుంది.

లెక్కలో 42వ రోజుకు ఒక గీత ఉంది. ప్రసూతి మరణమైనా, గండం గడవడమైనా గర్భంతో ఉండగా గానీ, అది ముగిసిన 42 రోజుల లోపు గానీ జరిగితేనే ఆ పేరు. ఆ తరువాత ఏమవుతుందన్నదానికి ఒక ఉదాహరణ, 1937లో గ్లాస్గోలో పనిచేస్తున్న డాక్టరు హెరాల్డ్ షీహాన్ వర్ణించిన జబ్బు. గర్భంతో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పెద్దదవుతుంది, దాని రక్తపు అవసరం పెరుగుతుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోతే ఆ గ్రంథి ఎండిపోవచ్చు. మనిషి బతుకుతుంది. పాలు పడవు. నెలసరి తిరిగి రాదు. చలి ఎక్కువ, ఓపిక తక్కువ, కనుబొమ్మలు పలచబడతాయి. కాశ్మీరులో ఇరవై ఏళ్ళు దాటిన తల్లుల్లో నూటికి ముగ్గురిలో ఈ జబ్బు ఉన్నట్టు 2005లో ఒక అధ్యయనం చెప్పింది. వాళ్ళలో ఎక్కువమంది ఇంటి దగ్గర కాన్పయినవాళ్ళే. రోజుకు కొన్ని మాత్రలతో చాలావరకు సర్దుకునే జబ్బు ఇది. కనిపెట్టడానికి ఒక ప్రశ్న చాలు, ‘కాన్పులో రక్తం బాగా పోయిందా, బిడ్డకు పాలు పడ్డాయా?’ అని. పాలు పడలేదన్నది తల్లి తప్పుగానో దిష్టిగానో ఇంట్లోనే తేలిపోతుంది గనుక, ఆ ప్రశ్న అడిగేవరకు ఆమె డాక్టరుకు ఆ సంగతి చెప్పదు. పది పన్నెండేళ్ళ తరువాత నీరసమంటూ బలం సూది కోసం వచ్చి, ఎండలో కూడా చీర కొంగు ఒంటి చుట్టూ కప్పుకుని వరసలో కూర్చుంటుంది.